పని చేయలేని మనిషికి దేవుడు ఏం పని పెట్టాడు?

ఎర్రగుంట్ల అన్న:
అందరికీ వందనాలు. నాకు 44. ఇరవై ఏళ్లు బండల పాలిష్ ఫ్యాక్టరీలో లోడింగ్ చేశా. నిరుడు నాపరాయి ఎత్తుతుంటే నడుం పట్టేసింది, డిస్కు జారిందన్నారు, ఇక బరువు ముట్టుకోవద్దన్నారు, ఇప్పుడు అరగంట కూర్చుంటే ఎడమకాలు తిమ్మిరెక్కిపోతుంది. నా భార్య టైలర్ షాపులో కుడుతోంది. పొద్దున నాకు అన్నం గిన్నె మీద మూతపెట్టి పోతుంది, ఆ మూత తీయాలంటేనే సిగ్గు. మొన్న ఆదివారం కానుకల సంచిలో ఖాళీ చెయ్యి పెట్టి తీశా. పైగా ఒక పెద్దాయన, నన్ను చూసే అన్నాడో మామూలుగానే అన్నాడో, "పని చేయనివాడు తినకూడదని పౌలే రాశాడు" అన్నాడు. ఆ రోజు నుంచి ముద్ద దిగడం లేదు. దేవుడు నన్నెందుకు ఉంచాడో మీకెవరికన్నా తెలిస్తే చెప్పండి.

కడప, రిటైర్డ్ టీచర్:
తమ్ముడూ, ఆయన వాక్యం మార్చి చెప్పాడు. బైబిల్లో పౌలు రాసిన 2 థెస్సలొనీకయులు 3:10 తీసి చూడు, "పని చేయ నొల్లని యెడల" అని ఉంటుంది. మా జేజి ఇంకో రొట్టె వేయబోతే "నాకొల్ల" అనేది, అంటే నాకు వద్దని, అదే మాట. ఒల్లనివాడు వేరు, చేతగానివాడు వేరు. పౌలు తిట్టింది పని మానేసి పరుల జోలికి పోయేవాళ్లను, కింది వచనంలోనే ఉంది. ఇక ఫిలిప్పీ పత్రిక 2:25 నుంచి చదువు. పౌలుకు సాయంగా ఉండమని సంఘం ఎపఫ్రొదితును పంపితే, ఆ మనిషి జబ్బుపడి చావుదాకా పోయాడు, పైగా తన జబ్బు సంగతి అక్కడ అందరికీ తెలిసిపోయిందని దిగులుపడ్డాడు. అలాంటివాణ్ణి పౌలు "జతపనివాడు" అంటాడు, "అట్టివారిని ఘనపరచుడి" అని రాసి మరీ పంపుతాడు.

గుంతకల్లు అక్క:
నాకు వారానికి మూడుసార్లు డయాలసిస్, ఇంట్లో వంట కూడా సగమే. బెడ్ మీద నాలుగు గంటలు ఫ్యాను చూస్తూ పడుకునేదాన్ని. ఒకరోజు పక్క బెడ్ల వాళ్ల పేర్లు పాత డైరీలో రాసుకుని ప్రార్థన మొదలుపెట్టా, ఇప్పుడు మూడు పేజీలు నిండాయి, కొన్ని పేర్ల పక్కన సిలువ గుర్తు పెట్టాల్సి వచ్చింది, అది వేరే సంగతి. పక్క బెడ్ సాయిబు తాను కూడా దువాలో నా పేరు తలుస్తానన్నాడు. ఇదే నా డ్యూటీ అనుకుంటున్నా. నీ పేరు కూడా రాసుకుంటా. ఒక మాట, బతకాలని లేదనిపిస్తే మాత్రం దాచుకోకు, టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చెయ్, డబ్బులు పడవు, ఏ టైమైనా మాట్లాడతారు.

ప్రొద్దుటూరు తమ్ముడు:
అన్నా, ప్రార్థన సరే, సదరం సర్టిఫికెట్, అదే వైకల్యం సర్టిఫికెట్, తీసుకున్నావా? అందులో వైకల్యం 40 శాతం పడితే పింఛనుకు అప్లై చేయొచ్చు, 2024 జులై నుంచి నెలకు 6,000 చేశారు. డిస్కుకు ఎంత వేస్తారో డాక్టరే చెప్పాలి, ఎమ్మారై ఫిల్ము పారేయకు.

ఎర్రగుంట్ల అన్న:
సార్, ఆ మాట నా బైబిల్లోనూ అలాగే ఉంది. ఇన్నాళ్లూ చూసుకోలేదు. నా భార్యకు చదివి వినిపించా, "నేనెప్పుడన్నా నిన్ను లెక్క అడిగినానా" అని తిట్టింది. అక్కా, అంత దూరం ఆలోచన పోలేదు, నంబర్ రాసి పెట్టుకున్నా. ఈ పూట కడుపునిండా తిన్నా. తమ్ముడూ, సదరం స్లాటు సచివాలయంలో ఇస్తారా, మీసేవకు పోవాలా?