అప్‌డేట్: తుప్పు పట్టిన లారీ కమాన్ బ్రాకెట్ సంగతి తేలింది

రొయ్యల లోడు తోలే మా పాత లారీకి వెనక ఎడమవైపు కమాన్ బ్రాకెట్ (కమాన్ పట్టీలను బండి అడుగు చట్రానికి, అంటే ఛాసిస్‌కు, పట్టి ఉంచే ఇనుప ముక్క) తుప్పుతో చీలిందని, బండి ఒక పక్కకు లాగుతోందని, ఏం చేయాలని నెల కిందట ఇక్కడ అడిగాను. పని అయిపోయింది. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

పాతదాని మీద వెల్డింగ్ పెట్టకుండా, కుడివైపు బ్రాకెట్ చూసి అట్టముక్కతో నమూనా తీయమన్న సలహానే పనిచేసింది. కుడివైపు నమూనా ఎడమవైపుకు సరిపోవాలంటే అట్టను తిరగేసి గీయాలి సుమా, నేను మర్చిపోయి ఒక ప్లేటు పాడుచేశాను! విజయవాడ ఆటోనగర్‌లో మేస్త్రి సుత్తితో తడితే పాతది అప్పడంలా పెచ్చులూడింది. బాక్సుల్లోంచి కారే ఉప్పునీరు సరిగ్గా అక్కడే పడుతోందట.

8 ఎం.ఎం. ప్లేటుతో కొత్తది చేశాడు. పాత బ్రాకెట్ రివెట్లను గ్యాస్‌తో కోయకుండా డ్రిల్ చేసి తీసి, 10.9 గ్రేడ్ (బాగా గట్టి రకం) బోల్టులు బిగించాడు. ఛాసిస్‌కు వెల్డింగ్ చుక్క కూడా తగలనివ్వలేదు. ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా రెండు వైపులా టేపుతో కొలిస్తే అంతకుముందు 14 ఎం.ఎం. తేడా ఉండేది, ఇప్పుడు సమానం. లాగడం ఆగింది.

బండి లాగడానికి కారణం షాకబ్జార్బర్లో, యూ బోల్టులో (కమాన్‌ను ఇరుసుకు బిగించేవి) అన్న అనుమానం ఉత్తదే. కుడివైపుది కూడా సన్నబడిందని అదీ మార్పించేశాను.