మెట్ల లైటుకి రెండు చివర్లా డిమ్మర్లు పెట్టొచ్చా?

డాబా ఇల్లు:
కింద మేము, పైన అన్నయ్యవాళ్లు. మెట్ల లైటుకి కిందొకటి, పైనొకటి టూవే స్విచ్‌లున్నాయి, ఏ చివర నుంచైనా లైటు వేసి ఆర్పొచ్చు. అర్ధరాత్రి అమ్మ లేచి లైటేస్తే వెలుగు కళ్లలో పొడిచినట్టుంటోందట. వెలుతురు తగ్గించుకునే వీలు రెండు చోట్లా కావాలి. స్విచ్‌లు తీసేసి రెండు డిమ్మర్లు పెట్టేద్దామని ఎలక్ట్రీషియన్ అంటున్నాడు, వద్దని మా బావ. ఎవరిది కరెక్ట్?

పాత వైర్‌మ్యాన్:
బావగారిదే. మామూలు డిమ్మర్ కరెంటు అలలో ప్రతి సగం నుంచీ కొంత ముక్క కోసేసి మిగతాది బల్బుకి పంపుతుంది. మన సప్లై 50 హెర్ట్జ్, అంటే సెకనుకి 100 సార్లు కోయాలి. ఎక్కడ కోయాలో తెలియాలంటే దానికి నిండు అల అందాలి. రెండు వరసగా పెడితే రెండోదానికి అందేది అప్పటికే కోసిన అల. లైటు మినుకుమినుకుమంటుంది, డిమ్మర్ గుయ్‌మంటుంది. పైగా కింద బాగా తగ్గించి వదిలేస్తే పైన ఎంత తిప్పినా వెలుతురు పెరగదు.

డిమ్మర్ ఒక్కటే ఉండాలి, అదీ రెండు స్విచ్‌ల మధ్య తిరిగే జంట వైర్లలో కాదు. కింది స్విచ్ కామన్‌కి (జంట వైర్లు పట్టే పిన్నులు కాక విడిగా ఉండేదానికి) ఫేజు, పై స్విచ్ కామన్ నుంచి డిమ్మర్, అక్కణ్నుంచి హోల్డర్. టూవేలు రెండూ అలాగే ఉంటాయి.

రాత్రిడ్యూటీ:
బాగానే ఉంది గానీ, పైనెవరో డిమ్మర్‌ని ఆఫ్ దాకా తిప్పేసి పడుకున్నారనుకోండి. కింద స్విచ్ ఎన్నిసార్లు కొట్టినా లైటు రాదు. ఆవిడ చీకట్లోనే మెట్లెక్కాలా? ఇంతకన్నా డిమ్మర్ లేకపోవడమే మేలు.

పాత వైర్‌మ్యాన్:
ఆ మాట నిజమే. దాన్ని ఆఫ్ చేయొద్దని ఇంట్లో చెప్పుకోవాల్సిందే.

రాత్రిడ్యూటీ:
చెప్తే వినే ఇళ్లు మీకెక్కడ కనబడ్డాయండీ బాబూ!

బోర్డువెనక:
స్విచ్ వెనక పట్టే డిమ్మర్ మాడ్యూళ్లు దొరుకుతున్నాయి కదా. మాడ్యూల్ ఒక్కటే, రెండు చోట్లా బెల్ పుష్‌లు. నొక్కి వదిలితే ఆన్ ఆఫ్, నొక్కి పట్టుకుంటే వెలుతురు తగ్గుతుంది, పెరుగుతుంది. మూడో చోట కావాలన్నా ఇంకో పుష్‌ని వీటికి పారలల్‌గా కలపడమే, రెండు టూవేల మధ్య పెట్టే ఇంటర్మీడియట్ స్విచ్ గొడవ లేదు. చాలా మాడ్యూళ్లకి న్యూట్రల్ కావాలి. మన బోర్డుల్లో సాకెట్ కూడా ఉంటుంది కాబట్టి అది సాధారణంగా అక్కడే దొరుకుతుంది.

పాత వైర్‌మ్యాన్:
ఆగండి. కిందా పైనా మీటరు ఒకటేనా?

డాబా ఇల్లు:
వేర్వేరండీ. లైటుకి ఫేజు కింద నుంచి వస్తుంది. న్యూట్రల్ ఎక్కడిదో తెలీదు.

పాత వైర్‌మ్యాన్:
ముందు అది తేల్చండి. ఫేజు ఒక మీటరుది, న్యూట్రల్ ఇంకో మీటరుది అయితే వెళ్లిన కరెంటు అదే దారిన తిరిగి రాదు. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే బ్రేకర్) ఉంటే ఆ తేడాని లీకేజీ అనుకుని పడిపోతుంది. 30 మిల్లీఆంపుల దానికి చిన్న బల్బు చాలు. కాబట్టి పై బోర్డులో న్యూట్రల్ కనబడింది కదా అని మాడ్యూల్‌కి తగిలించొద్దు. ఇక ఫేజు పుష్‌కి కింద నుంచి, మాడ్యూల్‌కి పైనుంచి తీసుకున్నారంటే మరీ ప్రమాదం. మీటర్లు వేర్వేరు ఫేజుల మీదుంటే ఆ రెండిటి మధ్య దాదాపు 400 వోల్టులు. మొత్తం లైటు సర్క్యూట్ ఒకే మీటరు నుంచి నడవాలి. పని చేసేటప్పుడు రెండు మెయిన్లూ దించమనండి, ఒకటి దించితే చాలదు.

రాత్రిడ్యూటీ:
బల్బు సంగతి ఎవరూ అడగలేదేంటి? అట్ట మీద డిమ్మబుల్ అని లేని ఎల్‌ఈడీకి ఏ డిమ్మర్ పెట్టినా దండగే. ఉన్నా సరే, అరవై వాట్ల గుండు బల్బుల కాలం నాటి డిమ్మర్‌కి 9 వాట్ల లోడు చాలకపోవచ్చు. నన్నడిగితే మెట్ల పక్కన మోకాలి ఎత్తులో చిన్న ఫుట్ లైట్లు పెట్టి, వాటికి విడిగా టూవే ఇచ్చేస్తాను. అమ్మగారు అవి వేసుకుంటారు, పెద్ద లైటు జోలికి పోనక్కర్లేదు.

బోర్డువెనక:
గోడ కొట్టి పైపు వేయించే ఖర్చెవరిది మరి? మాడ్యూల్‌కైతే పాత జంట వైర్లే సరిపోతాయి.

డాబా ఇల్లు:
బల్బు అట్ట చూశాను, డిమ్మబుల్ అని లేదు. న్యూట్రల్ ఎక్కడిదో తేల్చమని ఎలక్ట్రీషియన్‌ని ఆదివారం రమ్మన్నాను. డిమ్మర్లు అప్పటిదాకా కొనట్లేదు.