ఉమ్మి పరీక్షతో నోటి క్యాన్సర్ ముందే దొరికితే ఊరూరా కిట్లు ఎందుకివ్వరు?

సిక్కోలు బిడ్డ:
మా అత్త ముప్పయ్యేళ్లు అడ్డపొగ తాగింది, అంటే చుట్ట వెలిగించి నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. అంగిట్లో తెల్లమచ్చ వస్తే పూత అనుకుంది, నొప్పి లేదు కదా అని ఎవరికీ చెప్పలేదు, డాక్టర్ చూసేసరికి ఎముక దాకా పాకింది. చుట్ట, గుట్కా, ఖైనీ అలవాటున్న ప్రతి ఒక్కరికీ ఉమ్మి పరీక్ష చేయాలంటాను. సూది లేదు, భయం లేదు. అమెరికాలో వయోమ్ కంపెనీ పరీక్షకు 2021లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ బ్రేక్‌త్రూ హోదా ఇచ్చింది కూడా.

పళ్ల డాక్టర్:
ఆ హోదా అంటే ఆమోదం కాదండీ, పరిశీలన త్వరగా చేస్తామని మాత్రమే. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2017లోనే, అనుమానపు మచ్చ కనిపిస్తే లాలాజల పరీక్షల మీద ఆధారపడొద్దు, ముక్క తీసి బయాప్సీకి పంపండి అంది. ఉమ్మిలో వెతికే ఐఎల్-8 లాంటి ప్రోటీన్లు చిగుళ్లు వాచినా పెరుగుతాయి, మన ఊళ్లలో చిగుళ్ల జబ్బు లేని నోళ్లెన్ని? లెక్క వేసి చూడండి: 10,000 మందిలో 10 మందికి క్యాన్సర్ ఉందనుకుందాం, క్యాన్సర్ ఉన్నవాళ్లలోనూ లేనివాళ్లలోనూ పరీక్ష 90 శాతం మందికి సరిగ్గా చెబుతుందనుకుందాం. 9 మంది దొరుకుతారు, ఏమీ లేని 999 మంది టెన్షన్‌తో పెద్దాసుపత్రికి పరిగెడతారు. తిరువనంతపురం దగ్గర 1996 నుంచి, శిక్షణ పొందిన కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి కంటితో నోరు చూశారు, అంతే. పొగాకు, మందు అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ చావులు 34 శాతం తగ్గాయని 2005లో తేలింది.

పాలకొండ రోడ్డు:
డాక్టర్ గారూ, కాగితం మీద మన దగ్గరా 30 దాటినవాళ్లందరి నోరూ చూడాలి. మా ఇంటికొచ్చిన ఆరోగ్య కార్యకర్తలు పేర్లు రాసుకుని వెళ్లారు, ఒక్కరినీ నోరు తెరవమనలేదు. పైగా గుట్కా నమిలి దవడలు బిగుసుకుపోయినవాడికి రెండు వేళ్లు కూడా పట్టవు, ఇంక లోపల ఏం కనిపిస్తుంది? అలాంటివాడు ఉమ్మి మాత్రం ఇవ్వగలడు.

పళ్ల డాక్టర్:
అది నిజమే, ఒప్పుకుంటాను. నోరు తెరుచుకోనివాళ్లకీ, పాత మచ్చలున్నవాళ్లకీ ఈ పరీక్ష పనికొస్తుందేమో మన దగ్గరే, అడ్డపొగ తాగేవాళ్ల మీదే పరిశీలించి తేల్చాలి. అప్పటిదాకా ఊరందరికీ పంచొద్దనే అంటాను. కిట్‌లో ఏమీ లేదని వస్తే మచ్చ ఉన్నా ఇంట్లో కూర్చుంటారు, నాకు ఆ భయమే ఎక్కువ.

సిక్కోలు బిడ్డ:
ఆ చివరి మాట నేను ఆలోచించలేదు సార్. అత్తతో కూర్చుని చుట్ట కాల్చినవాళ్లు మా వీధిలోనే ఇంకా నలుగురున్నారు. ఆదివారం టార్చి పట్టుకుని వెళ్తాను. అంగిట్లో ఏం చూడాలో, ఎన్ని రోజులు మానకపోతే పంపాలో చెప్పండి.

పళ్ల డాక్టర్:
కట్టుడు పళ్లుంటే ముందు తీయించండి. అంగిలి, నాలుక పక్కలు, నాలుక కింద, బుగ్గల లోపల చూడండి. తెల్లగానో ఎర్రగానో మచ్చ, గడ్డ, రెండు వారాలైనా మానని పుండు, ఏది కనిపించినా నొప్పి లేకపోయినా సరే తీసుకొచ్చేయండి.