డీజీసీఏ క్లాస్ 2 మెడికల్: బీపీ విషయంలో సలహా కావాలి

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. పైలట్ ట్రైనింగ్ కోసం వచ్చే నెల డీజీసీఏ (విమానయాన నియంత్రణ సంస్థ) వాళ్ల క్లాస్ 2 మెడికల్‌కి, అంటే మొదటి ఆరోగ్య పరీక్షకి హైదరాబాద్ వెళ్తున్నాను. ఇది దాటితేనే తర్వాతి పరీక్ష, క్లాస్ 1. అద్దాలు మైనస్ 2. ఇషిహారా పుస్తకంలో చుక్కల మధ్య అంకెలన్నీ తడుముకోకుండా చదివాను, రంగులు గుర్తించే పరీక్ష గురించి భయం లేదు.

భయమంతా బీపీతోనే. ఇంట్లో నాన్న మెషీన్‌లో 120/78 వస్తుంది. అదే క్లినిక్‌లో చేతికి పట్టీ చుట్టి గాలి కొడుతుంటే గుండె చప్పుడు చెవుల్లో వినిపిస్తుంది, 146/92 చూపిస్తుంది. టెన్షన్ వల్లేనని డాక్టర్‌గారు అన్నారు.

పరీక్షలో ఎక్కువ వస్తే కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూస్తారా? రోజూ ఇంట్లో రాసుకున్న రీడింగులు చూపిస్తే ఒప్పుకుంటారా? కాంటాక్ట్ లెన్సులు ఎన్ని రోజుల ముందు మానేయాలి? ఈమధ్య చేయించుకున్నవాళ్లు దయచేసి చెప్పండి. చిన్నప్పటి నుంచి ఉన్న కోరిక ఇది, నిద్ర పట్టడం లేదు.