హాలోవీన్ కొవ్వొత్తులు, ప్లగ్గులు: అయిపోకముందే ఎలా దక్కించుకుంటున్నారు?

షార్లెట్_లక్ష్మి
అందరికీ నమస్కారం. సొంత ఇంట్లో మాకు ఇదే మొదటి హాలోవీన్. మా వీధిలో అలంకరణ పోటాపోటీగా ఉంటుందని పక్కింటివారు ముందే హెచ్చరించారు. వాకిట్లో అస్థిపంజరాల సంగతి మావారు చూసుకుంటారు, ఇంటి లోపలి పరిమళాల బాధ్యత నాది. పాడుబడ్డ బంగళా ఆకారంలో ఉన్న కొవ్వొత్తి స్టాండు ఒకటి ఆన్‌లైన్‌లో చూశాను. రాత్రి చూసి, పొద్దున్న కొనబోయేసరికి స్టాకు లేదన్నారు. ఇంకా ఆగస్టు కూడా రాలేదు! ఈ సరుకు ఎప్పుడు దిగుతుంది, ఏది ముందు కొనాలి, ఏది ఆగినా దొరుకుతుంది? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

ఫ్రిస్కో_వదిన
లక్ష్మి గారూ, తొందరపడాల్సింది బొమ్మ కోసం. మైనం కోసం కాదు. ఈ ఒక్కటి గుర్తుంటే సగం కంగారు తగ్గుతుంది.

పరిమళాల కొవ్వొత్తులు అమ్మే బాత్ అండ్ బాడీ వర్క్స్ సంగతే తీసుకోండి. జూన్‌లో పెద్ద సేల్ పెట్టి పాత సరుకంతా వదిలించుకుంటారు. ఖాళీ అయిన అరల్లోకి జూలై, ఆగస్టుల్లో శరదృతువు సరుకు, దానితో పాటే హాలోవీన్ సరుకు దిగుతుంది. మీరు చూసిన బంగళాలు, పిశాచాల చేతులు, గబ్బిలాల ప్లగ్గులు (గోడ సాకెట్‌లో పెడితే పరిమళం చిమ్మేవి) ముందు పోతాయి, ఎందుకంటే అవి తక్కువ సంఖ్యలో వస్తాయి, ఒకసారి పోతే మళ్లీ తెప్పించరు. ఏ ఏడాది బొమ్మ ఆ ఏడాదిదే. కొవ్వొత్తులు అలా కాదు. మూడు వత్తుల పెద్ద సీసాలు పెట్టెల కొద్దీ వస్తాయి. ‘వాంపైర్ బ్లడ్’ లాంటివి ఏళ్ల తరబడి తిరిగి వస్తూనే ఉన్నాయి. పాతిక డాలర్లు దాటిన పూర్తి ధరకు కొవ్వొత్తిని నేనెప్పుడూ కొనను. సెప్టెంబరులోగా ఏదో ఒక వారాంతంలో దాదాపు సగానికి వస్తుంది.

బొమ్మ విషయంలో మాత్రం తగ్గింపు కోసం చూడకండి. నచ్చినదాన్ని కనబడిన రోజునే కొనండి. యాప్‌లో సభ్యత్వం ఉచితం, కొన్నిసార్లు సభ్యులకు ముందుగా కొనే వీలిస్తారు.

సాంబ్రాణి_శాస్త్రి
ఒక్క సందేహం. మా నాయనమ్మ శుక్రవారం సాయంత్రం ఇల్లంతా సాంబ్రాణి వేసేది, దయ్యాలు పోవాలని. మీరందరూ పాతిక డాలర్లు పోసి, వరుసలో నిలబడి, దయ్యాన్ని ఇంటికి తెచ్చుకుంటున్నారు. ఎవరు చెప్పినా వింటాను.

ఫ్రిస్కో_వదిన
అపార్టుమెంటులో ఒకసారి సాంబ్రాణి వేసి చూడండి శాస్త్రి గారూ. పొగ అలారం మోగి అగ్నిమాపక దళం వస్తుంది. దయ్యమే నయం.

అర_సర్దిన_అమ్మాయి
ఒక మాల్‌లో కొవ్వొత్తుల దుకాణంలో కొన్నేళ్లు పనిచేశాను. తెర వెనుక సంగతి కాస్త చెబుతాను.

కొత్త సీజన్ సరుకు అరల్లోకి ఎక్కే రోజును మేము ఫ్లోర్‌సెట్ అనేవాళ్లం. దుకాణం మూశాక రాత్రంతా పాత బల్లలు తీసి కొత్తవి సర్దుతాం. తెల్లవారి తలుపు తీసిన గంటే బొమ్మలకు అసలైన గంట. మధ్యాహ్నం వచ్చేవారికి కొవ్వొత్తులు మిగులుతాయి, స్టాండ్లు మిగలవు. ప్రతి దుకాణానికీ ఒకేలా రావు కూడా. పెద్ద మాల్‌కు ఎక్కువ, చిన్న ఊరికి తక్కువ. కానీ చిన్న ఊళ్లో పోటీ తక్కువ కాబట్టి అక్కడే ఎక్కువ రోజులు ఉంటాయి. మీ ఇంటికి అరగంట దూరంలో ఉన్న నిద్రపోతున్న మాల్‌ను చిన్నచూపు చూడకండి.

ఆన్‌లైన్ స్టాకు, దుకాణం స్టాకు వేరువేరు గిడ్డంగుల నుంచి వస్తాయి. వెబ్‌సైటులో లేదంటే ఎక్కడా లేదని అర్థం కాదు. దుకాణానికి ఫోను చేయండి. ‘హాలోవీన్ సరుకు ఉందా’ అని అడిగితే ఉందంటారు, అంతే. వెబ్‌సైటులో ఆ వస్తువు పేరు, నంబరు చూసి చెబితే కంప్యూటర్‌లో చూసి ఎన్ని ఉన్నాయో చెప్పగలరు. ఒకటి పక్కన పెట్టమని మర్యాదగా అడగండి. కొందరు పెడతారు, కొందరికి నిబంధనలు ఒప్పుకోవు.

ఇంకొకటి. కార్టులో వేసినంత మాత్రాన వస్తువు మీది కాదు. చాలా వెబ్‌సైట్లలో డబ్బు కట్టేవరకూ అది అందరిదీ. చిరునామా, కార్డు వివరాలు ముందే దాచిపెట్టుకుంటే ఆ రెండు నిమిషాలూ కలిసివస్తాయి. రద్దయిన ఆర్డర్లు, వాపసు వచ్చినవి మళ్లీ స్టాకులోకి చేరుతుంటాయి కాబట్టి మొదటి రోజు దొరకకపోతే ఆ వారమంతా పొద్దున్నే ఒకసారి చూస్తూ ఉండండి.

షార్లెట్_లక్ష్మి
ఇది బంగారం లాంటి సమాచారం. పక్క ఊరి మాల్‌కు ఇప్పుడే ఫోను చేస్తాను.

ఆమ్‌హర్స్ట్_ఆనంద్
మీరంతా ఒకే దుకాణం చుట్టూ తిరుగుతున్నారు. మా మసాచుసెట్స్ వాళ్లకు హాలోవీన్ పిచ్చి పట్టించింది యాంకీ క్యాండిల్. సౌత్ డీర్‌ఫీల్డ్‌లోని వాళ్ల పెద్ద దుకాణం మా ఇంటికి దగ్గరే. 1969 క్రిస్మస్‌కు అమ్మకు బహుమతి కొనడానికి డబ్బులేక, మైకేల్ కిట్రెడ్జ్ అనే కుర్రాడు రంగు క్రేయాన్లు కరిగించి కొవ్వొత్తి చేశాడు. కంపెనీ అలా మొదలైంది.

2008లో వాళ్లు ‘బోనీ బంచ్’ అని తెల్లటి పింగాణీ అస్థిపంజరాల బొమ్మలు తెచ్చారు. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ, కుక్కను తిప్పుతున్న అస్థిపంజరం, ఇలా. వాటి కోసం ఆగస్టులో తెల్లవారకముందే మనుషులు వరుస కట్టేవారు. బొమ్మతో పాటు అట్టపెట్టె కూడా నలగకుండా ఉండాలి, లేకపోతే సేకరించేవారు ముట్టుకోరు. ఆ వరుసల్లో నిలబడ్డవారిని చూస్తే వదిన గారి మాట నిజమనిపిస్తుంది. వాళ్లలో సగం మంది కొవ్వొత్తి వెలిగించనే వెలిగించరు.

వాసన కావాలంటే ‘విచెస్ బ్రూ’ చూడండి. పచౌలీ అనే ఆకు ఘాటు బాగా ఉంటుంది. నచ్చినవారు ప్రాణం పెడతారు, మిగతావారు కిటికీలు తెరుస్తారు. మా ఇంట్లో ఒకరు ఈ పక్షం, ఒకరు ఆ పక్షం.

గుమ్మడికాయల_దొంగ
పేరు చూసి అనుమానపడకండి. అనుమానపడినా ఫర్వాలేదు, నేను భుజాలు తడుముకోను. అవును, కొని తిరిగి అమ్ముతాను. అందుకే నా లెక్క మీకు ఉపయోగపడుతుంది.

కొవ్వొత్తుల జోలికి నేను వెళ్లను. గాజు, బరువు, దారిలో పగిలే ప్రమాదం. తపాలా ఖర్చు, అమ్మకపు వెబ్‌సైటు కమిషన్ పోగా చేతికి మిగిలేది ఉండదు. నవంబరు 1న అవే కొవ్వొత్తులు క్లియరెన్స్ బల్ల మీద సగం ధరకో, ఇంకా తక్కువకో కనబడతాయి. కాబట్టి ఆగస్టులో ఎవరైనా ‘అరుదైన’ హాలోవీన్ కొవ్వొత్తిని రెట్టింపు ధరకు అమ్ముతుంటే నవ్వి ముందుకు వెళ్లండి. బొమ్మలు, వెలుగులు చిమ్మే ప్లగ్గులు, సంగీతం వచ్చే స్టాండ్లు, వీటి మీదే మా వ్యాపారం. వాటి ధర కూడా సెప్టెంబరులో పెరిగి, అక్టోబరు చివరి వారానికి దిగుతుంది. ఆ సమయంలో అమ్మేవారికి భయం పడుతుంది, ఏడాదంతా ఎవరు దాచుకుంటారని. బేరమాడాలంటే అప్పుడు ఆడండి.

కొనేముందు బొమ్మ అడుగున ఉన్న చీటీ ఫొటో, బ్యాటరీ పెట్టే చోటు ఫొటో అడగండి. కంపెనీ వెబ్‌సైటులోని ఫొటోనే తిరిగి పెట్టినవారి దగ్గర కొనకండి.

సాంబ్రాణి_శాస్త్రి
నిజాయితీ గల దొంగ. మొదటిసారి చూస్తున్నాను.

కేటీ_కిరణ్
టెక్సాస్ వాళ్లకు ఒక మాట. ఆగస్టులో కొవ్వొత్తిని ఇంటికి తెప్పించుకోకండి. మాకు వచ్చిన పెట్టె మధ్యాహ్నమంతా వాకిట్లో ఎండలో ఉంది. తెరిచేసరికి మైనం ఒక పక్కకు ఒరిగి, వత్తులు మూడూ ఆ గోడకు ఆనుకుని ఉన్నాయి. కంపెనీ పేరు ఎందుకు, డబ్బు తిరిగి ఇచ్చారు, కానీ ఆ పరిమళం స్టాకు అప్పటికే అయిపోయింది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి దుకాణానికి వెళ్లి తెచ్చుకుంటాను. వస్తువు ఖాయమవుతుంది, ఎండ బాధ ఉండదు. కారులో వదిలేసి కిరాణా కొట్టుకు వెళ్లకూడదు, అంతే. గ్యారేజీలో దాచడం కూడా వద్దు. ఇంట్లో చీకటి అలమర మంచిది.

వంటింటి_వాణి
నేను ఈ సరుకును వేరే పనికి వాడతాను. చేపల వేపుడు, ఇంగువ తాలింపు తర్వాత ఇంటికి ఎవరైనా వస్తారంటే. కాబట్టి పేర్లు కాదు, సీసా మీద రాసిన పరిమళాల జాబితా చదువుతాను.

‘వాంపైర్ బ్లడ్’ అంటే నెత్తురు వాసనేమీ కాదు. నల్ల ప్లమ్ పండు, ఎర్ర బెర్రీలు, రాత్రి పూసే మల్లె. మల్లె ఉందంటే మన ముక్కుకు వెంటనే తెలుస్తుంది. గుమ్మడి రకాలన్నీ నిజానికి దాల్చినచెక్క, లవంగం, జాజికాయ. మసాలా వండిన ఇంట్లో అది వెలిగిస్తే బిర్యానీ మీద మిఠాయి పోసినట్టు ఉంటుంది. నా అనుభవంలో చేపల వాసనకు ‘స్వెటర్ వెదర్’ను మించింది లేదు. యూకలిప్టస్, జూనిపర్, సేజ్ ఆకు. అది శరదృతువు సరుకు, హాలోవీన్ కాదు కాబట్టి అంత హడావుడిగా అయిపోదు.

ఇంకో రహస్యం. ఒకే పరిమళాన్ని వేరే పేరుతో, వేరే చీటీతో మళ్లీ తేవడం ఈ వ్యాపారంలో మామూలే. పోయిన ఏడాది హాలోవీన్‌కు నచ్చినది దొరకలేదా, జాబితాలో అవే మూడు మాటలున్న మరో సీసా వాసన చూడండి. పుర్రె బొమ్మ ఉండదు, ధర తక్కువ ఉంటుంది. దుకాణంలో మూత తీసి చూడనిస్తారు. వరుసగా నాలుగైదు చూస్తే ముక్కు మొద్దుబారుతుంది, మధ్యలో మీ చొక్కా చేతిని వాసన చూసుకుని ఆగండి.

పిల్లి_ఉన్న_ఇల్లు
వెలిగించే విషయమూ ఎవరైనా చెప్పాలి కదా. మొదటిసారి పైభాగమంతా కరిగేవరకూ ఉంచండి, లేకపోతే మధ్యలో గొయ్యి పడి అంచు మైనం వృథా అవుతుంది. ప్రతిసారీ వత్తిని 6 మిల్లీమీటర్లకు కత్తిరించాలి, ఒకేసారి 4 గంటలకు మించి వద్దు. అడుగున అర అంగుళం మైనం మిగిలినప్పుడు ఆపేయాలి. మూడు వత్తుల సీసా మీద 25 నుంచి 45 గంటలు అని రాసి ఉంటుంది. వత్తి కత్తిరించని ఇంట్లో 45 దాకా రాదు. పిల్లి తోక సంగతి వేరే చెప్పక్కర్లేదు.

డల్లాస్_టు_దుగ్గిరాల
అక్టోబరులో ఇండియా వెళ్తున్నాం. హాలోవీన్ ప్లగ్గులు, కొవ్వొత్తులు చెల్లెలికి తీసుకెళ్లవచ్చా?

అర_సర్దిన_అమ్మాయి
కొవ్వొత్తులు సరే. గట్టి మైనం కొవ్వొత్తులను చేతి సంచిలోనూ అనుమతిస్తారు, జెల్ రకం మాత్రం చేతి సంచిలో కుదరదు. గాజుతో కలిపి ఒక్కో పెద్ద సీసా అర కిలో పైమాటే, బరువు చూసుకోండి. ప్లగ్గు మాత్రం వద్దు. ఇక్కడి ప్లగ్గు 120 వోల్టులకు చేసినది, అక్కడ 230. పిన్ను మార్చే అడాప్టర్ వోల్టేజీని మార్చదు. అదే వేడి తీగ మూడున్నర రెట్లకు పైగా వేడిని పుట్టిస్తుంది. చెల్లెలికి కావాలంటే అక్కడే కొనమనండి, ఆ దేశానికి సరిపోయే ప్లగ్గులు ఉంటాయి.

ఫ్రిస్కో_వదిన
కొన్నవాటిని నవంబరులో పెట్టెలో పెట్టేయకండి. 2024లో దీపావళి, హాలోవీన్ రెండూ అక్టోబరు 31నే వచ్చాయి కదా. ఆ సాయంత్రం మా గుమ్మం ముందు ప్రమిదలు, లోపల నల్ల పిల్లి స్టాండు. మిఠాయికి వచ్చిన పిల్లలు ప్రమిదలను కూడా హాలోవీన్ అలంకరణే అనుకున్నారు. దీపావళి వేరే తేదీన వచ్చే ఏడాది ఆ స్టాండులో మామూలు గంధం కొవ్వొత్తి పెడతాను. పిల్లి ముఖం గోడ వైపు తిప్పేస్తే సరి, మా అత్తగారు ఇంకా కనిపెట్టలేదు.

ఒమాహా_వాసి
ఇప్పుడే మా మాల్ నుంచి వచ్చాను. కాకి ఆకారంలో ఉన్న ప్లగ్గులు ఇంకా ఉన్నాయి, ఒకటి అదనంగా తీసుకున్నాను. ఎవరికైనా కావాలంటే కొన్న ధరకే, తపాలా ఖర్చు మాత్రం మీది.

వంటింటి_వాణి
నాకు కావాలి. మెసేజ్ పెట్టాను.

షార్లెట్_లక్ష్మి
వాణి గారు వద్దనుకుంటే నాకు ఇవ్వండి.

గుమ్మడికాయల_దొంగ
లేకపోతే నేను ఉన్నాను.

ఒమాహా_వాసి
వాణి గారికి ఖాయం. దొంగ గారికి ఉచితంగా కూడా ఇవ్వను.