గాలి పోతోంది, పంక్చర్ లేదంటున్నారు

నయీంనగర్ వాసి:
పొద్దున్నుంచి ఇదే పని. కారు వెనక ఎడమ టైరులో గాలి నిలవడం లేదు. ఆదివారం 33 పాయింట్లు (పీఎస్ఐ) పెట్టిస్తే మంగళవారం పొద్దుటికి 24. మూడు షాపులు తిరిగాను, ములుగు రోడ్డులో ఒకటి, హంటర్ రోడ్డులో రెండు. ముగ్గురూ నీళ్లు కొట్టి చూసి "పంక్చర్ లేదు సార్" అన్నారు. ఎల్లుండి పిల్లలతో కరీంనగర్ పెళ్లికి వెళ్లాలి. ఇంట్లో ఒకటే టెన్షన్. పంక్చర్ లేకుండా గాలి ఎటు పోతుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

కాజీపేట బ్రిడ్జి:
వాల్వ్ చూడు.

హైవే ప్రయాణి:
అన్నా, ముందు మామూలు గాలి మానెయ్. నైట్రోజన్ పెట్టించు. రెండేళ్లుగా వాడుతున్నా, నెలకోసారి చూస్తే చాలు. మామూలు గాలిలో తేమ ఉంటుంది, అదే అసలు సమస్య.

లెక్కల మాస్టారు:
మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది బాబూ. మిగతా 22 కోసం డబ్బులు ఇస్తున్నావు. రెండు రోజుల్లో 9 పాయింట్లు పోయే సందు ఉంటే నైట్రోజన్ కూడా ఆ సందులోంచే పోతుంది. నయీంనగర్ వారు గాలి ఎప్పుడు కొలిచారో రాయలేదు. బండి తిరిగి వచ్చాక వేడి మీద కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది, పొద్దున చల్లగా ఉన్నప్పుడు తక్కువ చూపిస్తుంది. సుమారు 5, 6 డిగ్రీలకు ఒక పాయింటు తేడా. అయితే అది 2, 3 పాయింట్ల మాట. 9 రాదు. మిగిలిన మూడు టైర్లు ఎంత ఉన్నాయి?

నయీంనగర్ వాసి:
మిగతావి 32, 33 ఉన్నాయి సార్. వాల్వ్ మీద ఉమ్మి తడి పెట్టి కూడా చూశాను, బుడగ రాలేదు.

పాత మెకానిక్:
తమ్మీ, మూడు మాటలు అడుగుతా. ట్యూబ్‌లెస్సేనా? డిస్కు, అదే టైరు ఎక్కే రిమ్ము, ఇనుముదా, అలాయా? చక్రం విప్పి తొట్లో ముంచిండ్రా, కారుకు ఉండంగనే మీద నీళ్లు పోసిండ్రా? ఇవి చెప్పకుంటే ఎవలైనా ఏం చెప్తరు?

స్టేషన్ రోడ్డు:
ఇంత ఆలోచన ఎందుకు, స్టెప్నీ వేసుకుని పెళ్లికి పోండి.

పాత పుస్తకాల పిచ్చోడు:
స్టెప్నీ అనగానే గుర్తొచ్చింది. ఇది మన మాట అనుకుంటాం కానీ, వేల్స్ దేశంలోని లనెల్లిలో స్టెప్నీ వీధి ఉంది. డేవిస్ సోదరులు 1904లో అక్కడే విడి చక్రం తయారు చేశారు. అప్పట్లో కార్లకు అదనపు చక్రమే ఉండేది కాదు. ఆ వీధి పేరు ఇప్పటికీ మన వరంగల్ మెకానిక్‌ల నోట్లో ఉంది, చూడండి!

పాత మెకానిక్:
వీధి పేరు చెప్తే గాలి ఆగుతదా సారూ.

నయీంనగర్ వాసి:
స్టెప్నీ చూశాను. రెండేళ్లుగా ముట్టుకోలేదు, 14 ఉంది. అది కూడా నింపాలి. ఇక మీ ప్రశ్నలకు: ట్యూబ్‌లెస్సే అన్న, అందరివీ అవే కదా అని రాయలేదు. చక్రం విప్పలేదు, జాకీ వేసి తిప్పుతూ నీళ్లు పోశారు. అలాయే, కాకపోతే కారుతో వచ్చినవి కావు. ఆర్నెల్ల కింద సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని నలుపు రంగు కొట్టించాను. దానికీ గాలికీ ఏం సంబంధం?

పాత మెకానిక్:
అదే అసలు కథ. ట్యూబ్‌లెస్‌ల గాలిని ఆపేది టైరు అంచు, డిస్కు అంచు రెండూ గట్టిగ ఒత్తుకునే జాగ. పాత అలాయ్‌కు అక్కడ తెల్ల పొడి పడుతది. గీకకుండ దాని మీదనే రంగు కొడితే కొద్దిరోజులకు పొరలు లేస్తయి, వెంట్రుక సందు చాలు. లోపలి వైపయితే జాకీ వేసి తిప్పినా కనపడదు. చక్రం విప్పి, లోపలి వైపు పైకి పెట్టి పండబెట్టు. గాలి 35 పెట్టు. టైరూ డిస్కూ కలిసే గాడిల సబ్బు నీళ్లు పోసి ఐదు నిమిషాలు కదలకు. తర్వాత తిప్పి బయటి వైపు కూడ చూడు, వాల్వ్ మొదలు వదలకు. పెద్ద బుడగ రాదు, సన్నటి నురగ లేస్తది.

కాజీపేట బ్రిడ్జి:
వాల్వ్ అనే అంటాను.

స్టేషన్ రోడ్డు:
అంటే షాపుల వాళ్లు ముగ్గురూ అబద్ధం చెప్పినట్టేనా? పంక్చర్ ఉందిగా మరి.

లెక్కల మాస్టారు:
చెప్పలేదు. పంక్చర్ అంటే గుచ్చుకుని పడిన రంధ్రం. మీరు పంక్చర్ ఉందా అని అడిగారు, లేదన్నారు. గాలి ఎక్కడ పోతోంది అని అడిగి ఉంటే చక్రం విప్పేవారేమో.

స్టేషన్ రోడ్డు:
మా ఊళ్లో గాలి పోతే పంక్చరే సార్. పరకాల వెళ్లి అడగండి, ఎవరైనా అదే అంటారు.

పాత మెకానిక్:
ఏమన్నా అను, మేకు దిగితే ప్లగ్గు వేస్తరు, అంచుల పోతే ప్లగ్గు ఏడ పెడతవ్? టైరు విప్పి డిస్కు అంచు గీకి బీడ్ సీలర్, అంటే అంచు సందు మూసే మందు, పూసి ఎక్కించాలె. డిస్కు వంగిందేమో కూడ తిప్పి చూడమను, మన గుంతలకు అదీ అయితది. 24 మీద కరీంనగర్ పోకు తమ్మీ. టైరు పక్క గోడ నలిగి వేడెక్కుతది, ఎండల దారిలనే పగులొచ్చు.

నయీంనగర్ వాసి:
రాత్రి తొమ్మిదింటికి పోర్టికోలో విప్పాను. గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి పోసి, ఫోన్ టార్చ్ పెట్టి కూర్చున్నా. మూడు నిమిషాల దాకా ఏమీ లేదు, లేచిపోదామనుకున్నా. అప్పుడు వాల్వ్‌కు ఎదురుగా, లోపలి అంచున, నాలుగు వేళ్ల మేర చల్ల నురగలా లేచింది. గోరుతో గీకితే నల్ల పొర ఊడి వచ్చింది. రేపు పొద్దున్నే విప్పిస్తా. థాంక్స్ అన్న.

హైవే ప్రయాణి:
ఎలాగూ విప్పుతున్నారు కదా, పనిలో పని నైట్రోజన్ కూడా...

లెక్కల మాస్టారు:
78.