పుండు ఆరుతుందా, మానుతుందా?

పర్లాకిమిడి నుంచి ప్రశ్న:
సిలికాన్ పట్టీ పుండు మీద ఎలా పనిచేస్తుందో చూపే బొమ్మల వీడియోకు తెలుగు మాటలు రాస్తున్నాను. మెత్తని సిలికాన్ పొర చర్మం మీది సన్నని గుంతల్లోకి ఒదిగి, పుండు చుట్టూ ఉన్న పొడి చర్మాన్ని పట్టుకుంటుంది. నడుమనున్న తడి పుండును పట్టుకోదు. దాని మీది స్పంజి పొర ఊరే రసిని పీల్చుకుంటుంది. (నాకిచ్చిన ప్రతిలో ‘స్రావం’ అని ఉంది. గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊళ్లో కూర్చుని ఆ మాట రాయడానికి చేయి రాలేదు.) అన్నిటికన్నా పైనున్న పల్చని పొర ఆవిరిని బయటికి పోనిస్తుంది, నీళ్లను లోపలికి రానివ్వదు.

ఇంతవరకూ కలం ఆగలేదు. చివర ‘ఇలా తడి నిలిచి పుండు త్వరగా ఆరుతుంది’ అని రాసి, చదువుకుని నాకే నవ్వొచ్చింది. తడి నిలిస్తే ఆరడమేమిటి? పుండు ఎండితేనే తగ్గుతుందన్న పాత నమ్మకం మన క్రియలోనే దాగి ఉందా?

బరంపురం మాస్టారు:
భాష మీద అంత తొందరగా నేరం మోపకమ్మా. దీపం ఆరుతుంది. వార్చిన అన్నం ఆరుతుంది. దీపం ఎండిందనా అర్థం? మంట, వేడి తగ్గడమూ ఆరడమే. పుండు ఆరడమంటే దాని మంట చల్లారడమని నేననుకుంటాను. అయినా వినేవాళ్లకు ముందు తీగ మీద బట్టలే గుర్తుకొస్తాయి కాబట్టి ‘మానుతుంది’ అని రాయి.

రాయగడ నర్సు:
మాస్టారూ, మా దగ్గర బట్టలే గుర్తుకొస్తున్నాయి! ఒడియా వాళ్లు ‘ఘా’ అన్నా, మనవాళ్లు ‘పుండు’ అన్నా, కట్టు విప్పి గాలికి పెట్టడంలో తేడా లేదు. పక్కు కడితే సంబరం. మొన్న ఒక పెద్దాయన కాలికి కట్టిన నూలుగుడ్డ రసితో ఎండి కరుచుకుపోయింది. తడిపి తడిపి తీసినా అంచున కొత్త చర్మం కొంత గుడ్డతోనే వచ్చింది. 1962లో జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు పందుల మీద చేసిన ప్రయోగంలో, పల్చని పొర కప్పిన గాయాల మీద, గాలికి వదిలిన వాటికన్నా దాదాపు రెట్టింపు వేగంతో కొత్త చర్మం పరుచుకుంది. అక్కా, ‘పుండును కరుచుకోదు’ అన్న మాట తప్పకుండా పెట్టండి. ఆ నొప్పి తెలిసినవాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు.

పర్లాకిమిడి:
అయితే ఇలా: ‘ఈ పట్టీ పుండును కరుచుకోదు. దీని కింద పుండు తడిగానే ఉండి మానుతుంది.’

రాయగడ నర్సు:
‘తడి’ కొట్టేసి ‘చెమ్మ’ అనండి అక్కా. మరీ తడిస్తే చుట్టూ ఉన్న చర్మం నాని తెల్లబడుతుంది. స్పంజి పొర ఉన్నది అందుకే. పైగా తడి అని వింటే మా వార్డులో చెంబు పట్టుకొచ్చేవాళ్లు కనీసం ఇద్దరుంటారు.